తద్దినం వంటావిడ

అక్టోబరు 5, ఆదివారం

ముసలివాళ్లకి సభ పెట్టారు. పైన "హాయిగా వృద్ధాప్యం" అని పెద్ద బ్యానరు. అది చదవగానే వెనక్కి తిరిగి ఆటో ఎక్కేద్దామనిపించింది. వృద్ధాప్యంలో హాయేమిటి, నా మొహం. నా మోకాళ్లకి మైకిస్తే అవి చెబుతాయి ఆ హాయి సంగతి. కానీ ఈయన అప్పటికే వెళ్లి ముందు వరసలో కూర్చున్నారు. యాభై ఏళ్ల పౌరోహిత్యం. ఎక్కడికి వెళ్లినా ముందు పీట తనదే అనుకోవడం అలవాటైపోయింది.

మాట్లాడిన డాక్టరమ్మ పేరు సాయిప్రసన్న. ముసలివాళ్ల జబ్బుల కోసమే వేరే చదువు చదివిందిట. మెయిన్ రోడ్డులో వెండి కొట్టువాళ్ల అమ్మాయి. ఈ పిల్ల బారసాల ఈయనే చేయించారు. నిన్నగాక మొన్న ఉయ్యాల్లో ఏడ్చిన పిల్ల ఇవాళ మాకు బతకడం నేర్పుతోంది. రోజూ నడవాలిట. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలిట. చెవులు వినపడకపోతే సిగ్గుపడకుండా మిషను పెట్టుకోవాలిట, లేకపోతే మెదడు కూడా మూల కూర్చుంటుందిట. నలుగురిలో తిరగాలిట, ఏదో ఒకటి కొత్తది నేర్చుకుంటూ ఉండాలిట. బాగా నిద్రపోవాలిట. పట్టేదెలాగో మాత్రం చెప్పదు.

"కూరలో ఉప్పు వేశామో లేదో మర్చిపోవడం వయసండి. ఉప్పు డబ్బా దేనికో తెలియకపోవడం జబ్బండి. అప్పుడు దాచుకోకుండా మా దగ్గరికి రావాలి," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా అపార్టుమెంటు ప్రెసిడెంటు వెంకటరత్నం గారు లేచి, "రోజూ నాలుగు బాదం పప్పులు నానబెట్టుకుని తింటే ఈ గొడవలేవీ ఉండవు కదండీ?" అని అడిగాడు. ఇంతసేపూ ఏం విన్నాడో! అంతా అయ్యాక, నూనె తగ్గించమన్న ఆ సభలోనే మైసూరుపాకూ మిరపకాయ బజ్జీలూ పంచారు. ముసలివాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు. చూస్తుంటే వెగటు పుట్టింది.

చివర్లో ఈయన్ని ఆశీర్వచనం చెప్పమన్నారు. కాగితం లేకుండా, ఒక్క స్వరం తప్పకుండా చదివారు. మతి పోయినవాడు అలా చదవగలడా? అడుగుతున్నాను.

తిరిగి వస్తూ ఆటోలో, "ఇప్పుడు మనం ఎవరింట పెళ్లికెళ్లొచ్చామే?" అన్నారు. చెప్పాను. మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. ఆటో చప్పుడుకి నేను చెప్పింది వినపడి ఉండదు.


అక్టోబరు 8

బాగానే ఉన్నారు.


అక్టోబరు 13, సోమవారం

శ్రీదుర్గ తునిలో తను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి మరీ వచ్చి, మమ్మల్ని సాయిప్రసన్న దగ్గరికి లాక్కెళ్లింది. ఒక్కతే కూతురు, మొండిఘటం. నా పోలికే.

ఆ గది గోడల నిండా నవ్వుతున్న ముసలివాళ్ల బొమ్మలు. ఒక్కళ్లకీ పన్ను ఊడలేదు. అలాంటి ముసలివాళ్లని ఎక్కడ పట్టుకొస్తారో.

"శాస్త్రిగారూ, ఇది ఏ సంవత్సరం అండి?" అని అడిగింది డాక్టరమ్మ. ఈయన కళ్లు మూసుకుని సంకల్పం ఎత్తుకున్నారు. జంబూద్వీపం దగ్గర మొదలెట్టి, గోదావరి ఒడ్డు దాకా వచ్చి, "రక్తాక్షి నామ సంవత్సరే" అన్నారు. ఆ పిల్ల తల ఊపింది. ఒప్పో తప్పో తెలిస్తే కదా! ఫోన్లో వెతుక్కుంటుంటే నేనే చెప్పాను, ఇది విశ్వావసు అని. రక్తాక్షి వెళ్లి నలభై ఏళ్లయింది. రోజూ పొద్దున్నే పూజలో సంవత్సరం పేరు చెప్పుకునే మనిషి. ఎన్నాళ్లనుంచి దేవుడికి రక్తాక్షి అని చెబుతున్నారో, నేను వంటింట్లో ఉండి వినలేదు. లేదా విన్నానేమో.

గడియారం బొమ్మ వేయమంది. గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒక పక్కకే కుక్కేశారు. "పంచాంగం చూసే మనిషికి గడియారంతో పనేంటమ్మా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"రక్త పరీక్షలూ స్కానూ చూశాక రూఢిగా చెబుతాను మామ్మగారూ. కానీ ఇది డిమెన్షియాలాగే ఉందండి. వయసొస్తే అందరికీ వచ్చేది కాదు, ఇది జబ్బు. మంత్రాలు చిన్నప్పుడు పడ్డాయి కాబట్టి అవి చాలాకాలం ఉంటాయి. కొత్తవి నిలవవు." తర్వాత ఏకరువు పెట్టింది. పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. రేవుకి ఒంటరిగా పంపకూడదు. చేతికి ఫోన్ నంబరున్న కడియం వేయాలి. రోజూ ఒకే వేళకి స్నానం, భోజనం, నడక. కార్యాలు చేయించడం మాన్పించాలి. రోజూ ఎలా ఉన్నారో డైరీ రాసి తేవాలి. "తెలిసినవాళ్లందరికీ చెప్పేయండి మామ్మగారూ, దాచకండి. దాస్తే మీరు నలిగిపోతారు."

దాచొద్దుట! కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఈ పిల్లకి ఇంట్లో ఎవరూ చెప్పలేదు కాబోలు. ఆ డైరీ ఏదో శ్రీదుర్గ తన ఫోన్లో రాసుకుంటానంది. ఇది మాత్రం నాది, ఆ డాక్టరమ్మ కళ్లబడనివ్వను.


అక్టోబరు 19

రిపోర్టులు వచ్చాయి. అదేట. ఇద్దరం బజారుకెళ్లి ప్రమిదలు కొనుక్కున్నాం. బేరం ఆయనే ఆడారు. బాగానే ఆడారు.


అక్టోబరు 23, గురువారం

కార్తీకం మొదలై రెండోరోజు. పొద్దున్నే దీపం పెడదామని బాల్కనీలోకి వెళితే, ఈయన తులసి కుండీలో ఉచ్చ పోస్తున్నారు. రాయడానికే రోతగా ఉంది. యాభై ఏళ్లు ఊరందరికీ మడీ ఆచారం చెప్పిన మనిషి. మడి లేని నా చీర చెంగు తగిలితే మళ్లీ స్నానం చేసిన మనిషి.

అరిచాను. పక్క ఫ్లాటు కిటికీ తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. ఆయన పంచె సర్దుకుంటూ చిన్నపిల్లాడిలా బిక్కమొహం వేశారు. కుండీ పారేశాను. బాల్కనీ ఫినాయిలు పోసి కడిగాను. మడి బట్టలు తడిసిపోయాయి, మళ్లీ స్నానం. దీపం పెట్టేసరికి ఎండ ముదిరింది. అన్నం సయించలేదు.

డాక్టరమ్మ "ప్రశాంతంగా బాత్రూము వైపు నడిపించండి" అని చెబుతుంది, నాకు తెలుసు. ప్రశాంతం! వచ్చి ఒక్కరోజు ఉండమనండి ఇక్కడ.


అక్టోబరు 27, కార్తీక సోమవారం

ఉపవాసం. నీరసంగా సోఫాలో వాలాను. ఈయన ఎదురుగా వచ్చి, రెండు చేతులూ కట్టుకుని, "అమ్మా, మీరు ఎవరింటావిడండి?" అన్నారు.

"వేళాకోళం చాల్లెండి," అన్నాను.

"కాదమ్మా, పొద్దుటినుంచీ మా ఇంట్లోనే ఉన్నారు. మీ వాళ్లు కంగారుపడతారేమోనని."

పరాయి ఆడవాళ్లతో మాట్లాడే గొంతు అది. యజమానురాళ్లతో, పేరంటాళ్లతో, కళ్లు నేలకి దించి మాట్లాడే గొంతు. నాతో మాట్లాడే గొంతు వేరు. ఏమేవ్, ఇదిగో, ఎక్కడ చచ్చావ్. ఆ గొంతు కోసం ఇవాళ సాయంత్రందాకా ఎదురుచూశాను.


అక్టోబరు 28

బాగానే ఉన్నారు.


అక్టోబరు 30

బాగానే ఉన్నారు. రెండుసార్లు "అమ్మా" అన్నారు.


నవంబరు 2, ఆదివారం

శ్రీదుర్గ వచ్చింది. దాన్ని గుర్తుపట్టారు. గుర్తుపట్టడమే కాదు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, "కార్తీక బహుళ ద్వాదశి దగ్గరపడుతోందమ్మా. మీ అమ్మ తద్దినం. కొడుకులు లేరు కాబట్టి నేనే పెట్టాలి. మంత్రం చెప్పించడానికి మణిశంకర్‌కి చెప్పావా?" అన్నారు.

నేను వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో ఉన్నాను. గ్లాసు వదల్లేదు. అదేదో గొప్పగా రాసుకుంటున్నాను.

కార్తీక బహుళ ద్వాదశి మా అత్తగారి తిథి. ఆవిడ పోయి ముప్పై ఏళ్లయింది. ఏటా ఈయనే పెడతారు, నేనే వండుతాను. ఆ తిథిని తీసుకొచ్చి నాకు తగిలించారు. ఊళ్లోవాళ్ల తిథులన్నీ నోటికి చెప్పే మనిషి సొంత పెళ్లాన్ని చంపి తిథి పెట్టారు.

నాకు ఒళ్లు తెలియలేదు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "నేనండీ, కామేశ్వరిని. బతికే ఉన్నాను. చూడండి," అని పెళ్లి ఫోటో తెచ్చి చూపించాను. ఫోటోలో పిల్లని చూసి "ఇదే మా ఆవిడ" అన్నారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. మెళ్లో సూత్రాలు బయటికి తీసి చూపించాను. అంతే, ఆయన మొహం మారిపోయింది.

"ఇవి మా ఆవిడ సూత్రాలు. నేను కట్టినవి. మీ మెళ్లోకెలా వచ్చాయి?"

లాగారు. గొలుసు మెడకి కోసుకుంది. శ్రీదుర్గ ఆయన చెయ్యి విడిపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆయన కూలబడి ఏడ్చారు. "చచ్చినదాని మెళ్లోవి తీసుకున్నారే, మీకు పుణ్యముంటుందా అమ్మా?" అని నన్నే అడిగారు.

పుణ్యం సంగతి నాకు తెలియదు. కట్టుకున్న మొగుడి దృష్టిలో నేనే దొంగనయ్యాను. మెడ మంటగా ఉంది. కొబ్బరినూనె రాసుకున్నాను.


నవంబరు 4, మంగళవారం

సాయిప్రసన్న దగ్గరికి నేనూ శ్రీదుర్గా వెళ్లాం. పక్కింటావిణ్ణి ఈయన దగ్గర కూర్చోబెట్టాం. ఆవిడ ఒప్పుకోవడంలోనే తెలిసింది, ఆవిడకి అంతా తెలుసని.

"నేను చచ్చిపోయానంటున్నారమ్మా ఆయన. దీనికేమన్నా బిళ్ల ఉందా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. "మామ్మగారూ, రక్తాక్షిలో మీకెన్నేళ్లండి?"

"ఇరవై ఏడు."

"ఆయన ఇప్పుడు ఆ ఏట్లోనే ఉన్నారండి. ఇరవయ్యేడేళ్ల మీ కోసం ఇల్లంతా వెతుకుతున్నారు. కనపడటం లేదు. భార్య చెప్పకుండా ఎక్కడికీ వెళ్లదు కదా, అందుకని పోయిందనుకున్నారు. మీరంటే అక్కర్లేక కాదండి."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?"

"వాదించకండి. రుజువులు చూపించకండి. మీరు రుజువు చేసిన ప్రతిసారీ ఆయనకి భయం పెరుగుతుందే తప్ప జ్ఞాపకం రాదు. ఆయన ఉన్నచోటికి మీరే వెళ్లండి."

"అంటే నేను చచ్చిపోయానని ఒప్పుకోమంటావు."

"ఒప్పుకోనక్కర్లేదండి. కాదనకండి, చాలు."

నాకు ఆ పిల్లని చూస్తే అసహ్యం వేసింది. ఎంత తేలిగ్గా అనేసింది! పునిస్త్రీని పట్టుకుని చచ్చిన మాటకి కాదనొద్దుట. వాళ్లింట్లో ఎవరినైనా అలా అనమనండి. కాదు, అసలు కోపం అందుకు కాదు. అది చెప్పింది నిజమని నాకు ఆదివారమే తెలిసింది. మెడ మీద గీత చెప్పింది.

నా బీపీ కూడా చూసింది. ఎక్కువ ఉందిట, మందు రాసింది. ఆయన్ని చూసుకునే మనిషి పడిపోతే ఇద్దరూ పడిపోతారుట. పగటిపూట ఒక మనిషిని పెట్టుకోమంది. రోజూ అరగంట నన్ను ఒంటరిగా నడవమంది. హాయిగా వృద్ధాప్యం.


నవంబరు 7, శుక్రవారం

మణిశంకర్ గారు వచ్చారు. ఈయన దగ్గర చదువుకున్నాయన, ఇప్పుడు ఈయన పౌరోహిత్యం చేసిన ఇళ్లన్నీ ఆయనే చూసుకుంటున్నారు. అత్తగారి తద్దినానికి పిలవాలి కదా. ఈయన ఒంట్లో కాస్త నలతగా ఉందని, మాట తడబడుతుందని, పక్కన ఉండి చెప్పించమని, ఒకటికి రెండు కల్పించి చెప్పాను.

ఆయన తల దించుకున్నారు. "మాకందరికీ తెలుసండి అమ్మగారూ. నిరుడు మాఘంలో కోరుకొండ మీద పెళ్లిలో తాళి కట్టించేసి, కాసేపటికి మళ్లీ కట్టించబోయారు. నేనే పక్కనుంచి అందుకున్నాను. మీరు బాధపడతారని చెప్పలేదండి."

నిరుడు మాఘం! అంటే నేను ఇస్త్రీ పంచె కట్టి, బొట్టు పెట్టి, గుమ్మందాకా వచ్చి పంపిన మనిషిని చూసి అక్కడ జనం నవ్వుకున్నారన్నమాట. నేనొక్కదాన్నే దాస్తున్నాననుకున్నాను. ఊరంతా చూసింది. వెంకటరత్నం గారు నిన్న బ్రాహ్మీ మాత్రల డబ్బా చేతిలో పెట్టినప్పుడే నాకు అర్థమై ఉండాలి. ఛీ, ఈ జాలి మొహాలు. తిట్టినా బాగుండును.


నవంబరు 12, బుధవారం

ఈ వారం రోజులుగా సూత్రాలు రవికె లోపలికి వేసుకుని తిరుగుతున్నాను. రుజువులు చూపించకూడదు కదా.

ఇవాళ ఈయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు. పరాయి ఆడది వంట చేస్తుంటే లోపలికి రారు, అది ఇంకా పోలేదు.

"అమ్మా, ఆదివారం మా ఆవిడ తద్దినం. వంటకి ఎవర్నైనా మాట్లాడాలి."

కాదనకూడదు. "నేనే చేస్తానండి," అన్నాను.

"మడి కట్టుకుంటారా?"

"కట్టుకుంటానండి."

"గారెలు బాగా రావాలి. అరటికాయ కూర, పెసరపప్పు, పరమాన్నం, నువ్వుండలు. కంద తప్పనిసరి అమ్మా. ఆవిడకి కందంటే ప్రాణం."

కంద నాకు గిట్టదు. గొంతు దురద. పెళ్లైన కొత్తలో ఒకసారి తిని పెదాలు వాచిపోయాయి. కందంటే ప్రాణం వాళ్లమ్మకి. యాభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషికి ఆ తేడా తెలియదు. చచ్చిపోయాక కూడా నాకు కంద పెడతారన్నమాట. "అలాగేనండి, కంద చేస్తాను," అన్నాను.

ఆయన వెళ్లబోయి ఆగారు. "ఆవిడ పాడేది. పనిచేసుకుంటూ. మీకు పాటలు వచ్చా అమ్మా?"

రావన్నాను. నేను పాడేదాన్నన్న సంగతి ఆయన విన్నట్టు కూడా నాకు తెలియదు. అప్పట్లో విన్నానని ఒక్క మాట అంటే నోరు అరిగిపోయేదా?


నవంబరు 14

శ్రీదుర్గ ఫోన్లో ఏడ్చింది. ఈ ఏడు తద్దినం మానేద్దామంది. "వాళ్లమ్మని పస్తు పెడతామా?" అన్నాను. కొని తెచ్చుకున్న తద్దినం అంటే ఇదే.


నవంబరు 16, ఆదివారం, కార్తీక బహుళ ద్వాదశి

ఇవాళ్టిది ఇవాళే రాయాలి. రేపటికి మనసు మార్చుకుని అబద్ధాలు రాస్తాను.

తెల్లవారగానే స్నానం చేసి మడి కట్టుకున్నాను. పప్పు రుబ్బాను. కంద తరుగుతుంటే చేతులు దురదపెట్టాయి. అత్తగారికి వండుతున్నాను, అత్తగారికే వండుతున్నాను అని లోపల అనుకుంటూ వండాను. ఆవిడ బతికున్నప్పుడు కూడా ఇంత భక్తిగా వండలేదు.

మణిశంకర్ గారూ, తద్దినం భోజనానికి ఇద్దరు భోక్తలూ వచ్చారు. ఈయన పీట మీద కూర్చోగానే వెన్ను నిటారైంది. చేతులు వాటంతటవే కదిలాయి. జంధ్యం మార్చుకోవడం, దర్భలు పట్టుకోవడం, నువ్వులూ నీళ్లూ వదలడం, ఎక్కడా వెతుక్కోలేదు. సంవత్సరం పేరు మణిశంకర్ గారు ముందే అందించారు. విశ్వావసు అన్నారు. నేను వంటింటి తలుపు దగ్గర నిలబడి, గండం గడిచిందనుకున్నాను.

తల్లి పేరు చెప్పాల్సిన చోటు వచ్చింది. "మాతరం" అనాలి. ఈయన "భార్యాం" అన్నారు. గోత్రం చెప్పి, కామేశ్వరీ నామ్నీం అన్నారు.

భోక్తల్లో పెద్దాయన విస్తరి ముందునుంచి లేవబోయాడు. మణిశంకర్ గారు మంత్రం ఆపి నా వైపు చూశారు. శ్రీదుర్గ, "నాన్నగారూ, బామ్మ పేరండి, బామ్మ పేరు చెప్పండి. సుందరమ్మ," అంది. ఈయన దానివైపు చూశారు. చేతిలో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోయాయి. "మీ అమ్మకి పెట్టొద్దంటావా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. నా కళ్లముందు, నా ఇంట్లో, నా చేతి అన్నంతో, నా పేరు మీద పిండం. సూత్రాలు బయటికి తీసి ఆ దర్భలమీద విసిరి కొడదామనిపించింది. బొట్టు చూపించి, నేను పునిస్త్రీనిరా, లేవండిరా అందరూ అని అరుద్దామనిపించింది. ఒక్క మాట చాలు, ఆ తంతు ఆగిపోతుంది. ఆగిపోయి? ఆయన ఆ నీళ్లు కారిన చేత్తో అక్కడే కూర్చుని ఉంటారు. పెళ్లాం ఎక్కడికెళ్లిందో తెలియక, పోయిందనుకుని పిండం పెడదామంటే పెట్టనివ్వక.

"కానివ్వండి మణిశంకర్ గారూ," అన్నాను.

"మీరుండగానా అమ్మగారూ! నాకు నోరెలా వస్తుందండి?"

"మీరు అనొద్దు. ఆయన అంటున్నారు కదా, అననివ్వండి. మీరు మా అత్తగారి పేరు చెప్పుకోండి. ఎవరిది వాళ్లకి చేరుతుంది." పెద్దాయన వైపు తిరిగి, "కూర్చోండి బాబూ. పాపమేదన్నా ఉంటే వంటావిడ ఖాతాలో వేసుకోండి," అన్నాను.

ఆయన కూర్చున్నాడు. ఈయన పైకి నా పేరు చెప్పారు, మణిశంకర్ గారు పెదాల్లో మా అత్తగారి పేరు చెప్పుకున్నారు. పిండం పెట్టేటప్పుడు ఈయన ఏడ్చారు. వాళ్లమ్మకి పెట్టేటప్పుడు ఏ ఏడూ ఏడవలేదు. చూస్తూ నిలబడటం నాకు చేతకాలేదు. గారెల మూకుడు దగ్గరికి వెళ్లిపోయాను. ఒక వాయి మాడ్చాను.

అందరూ వెళ్లిపోయారు. ఈయన భోజనం కూడా అయింది. శ్రీదుర్గ గదిలో తలుపేసుకుంది. నేను వంటింట్లో గోడకి చేరబడి కూర్చున్నాను. మడిబట్ట నూనె కంపు కొడుతోంది. నాకే నా మీద రోతగా ఉంది. లోకంలో ఏ ఆడదీ చెయ్యని పని చేశాను.

ఈయన గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, మీరు తిన్నారా?"

లేదన్నాను.

"అదేంటమ్మా! పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే ఉన్నారు. లేవండి, కూర్చోండి."

లోపలికి వచ్చారు. విస్తరాకు ఎక్కడుందో వెతుక్కుని, తిరగేసి వేశారు. నేను సరిచేసుకున్నాను. ఆయనే వడ్డించారు. పప్పు సగం నేల మీద పోశారు. గారెలు పెట్టారు. నేను వద్దనేలోపల కంద కూడా పెట్టారు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు, నేను మొదలుపెట్టేదాకా చూశారు.

పెళ్లైన ఇన్నేళ్లలో, తిన్నావా అని నన్ను ఒక్కసారి అడగలేదు ఈ మనిషి. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ విస్తరి ముందు కూర్చుని లేచొచ్చాడు, ఇంట్లో ఉన్నదాని సంగతి ఎత్తలేదు. ఇవాళ అడిగాడు. పెళ్లాన్ని కాదు, వంటావిణ్ణి. ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు చూసి నాకే అసహ్యం వేసింది. ముద్ద కలుపుకుని తిన్నాను.

"బాగా చేశారమ్మా. మా ఆవిడ కూడా అచ్చం ఇలాగే చేసేది," అన్నారు. గారెల గిన్నె అందుకుని, "ఇంకో గారె వెయ్యనా?" అన్నారు.

నా తద్దినం భోజనం. వెయ్యమన్నాను.